బియ్యం కడిగినట్టే స్టీరింగ్ ఆయిలూ

విజయవాడ సింగ్‌నగర్‌లో మా బావమరిది ఇంటి ముందు నిలబెట్టిన ఇన్నోవా, 2024 సెప్టెంబరు మొదటి వారమంతా నీళ్లలోనే ఉంది. బుడమేరు డైవర్షన్ కాలువకు మూడు చోట్ల గండ్లు పడి ఊళ్లోకి నీళ్లు వచ్చిన రోజులవి. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి పారుతుంటే, మేడ మీద పిల్లాజెల్లాతో కూర్చున్నవాడికి కారు గురించి ఆలోచించే తీరికెక్కడిది? నీళ్లు తీశాక చూస్తే బండి నిండా బురద. ఓ వర్క్‌షాపువాళ్లు తీసుకెళ్లి ఇంజిన్ ఆయిల్ మార్చారు, గేర్ ఆయిల్ మార్చారు, డీజిల్ ట్యాంకు కడిగారు, సీట్లు విప్పి ఎండబెట్టారు. బండి కదిలింది. హమ్మయ్య అనుకున్నాం.

సంక్రాంతికి వాళ్లు ఇబ్రహీంపట్నం మా ఇంటికి వచ్చారు. మా రింగ్ సెంటర్ సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. హైదరాబాదు రోడ్డూ, తిరువూరు వైపు నుంచి వచ్చే జగదల్‌పూర్ రోడ్డూ అక్కడే కలుస్తాయి. థర్మల్ స్టేషన్ బూడిద మోసే బల్కర్ లారీలన్నీ అక్కడే తిరుగుతాయి. ఆ మలుపులో స్టీరింగ్ తిప్పగానే కారు ముందు నుంచి గేదె మూలిగినట్టు మూలుగు. బజారుకని నేనూ పక్క సీట్లో ఉన్నాను.

"ఏమయ్యా, ఎన్నాళ్ల నుంచి ఇది?" అన్నాను.

"దసరా నుంచి బావగారూ. వర్క్‌షాపులో చూపిస్తే స్టీరింగ్ ఆయిల్ తగ్గిందని పోశారు. ఓ వారం బాగుంది. మళ్లీ మామూలే."

ఇంటికొచ్చి బానెట్ లేపాను. స్టీరింగ్ ఆయిల్ డబ్బా మూత తీస్తే లోపల పాలు ఎక్కువైన కాఫీ కనిపించింది. ఎర్రగా, ద్రాక్షరసంలా ఉండాల్సిన ఆయిల్ అది. డబ్బా మూతకు గాలి ఆడే సన్నని సందు ఉంటుంది. వారం రోజులు బండి మునిగి ఉంటే నీళ్లు అందులోంచే దిగాయి. ఇంజిన్‌కూ గేరుకూ గుర్తుపెట్టుకుని మార్చినవాళ్లు దీన్ని మరిచిపోయారు. పైగా ఆ నీళ్ల ఆయిల్ మీదే కొత్త ఆయిల్ పోసి పంపారు.

నేను ముప్పై ఏళ్లు వీటీపీఎస్‌లో, అంటే మా ఊరి థర్మల్ స్టేషన్‌లోనే, టర్బైన్ మెయింటెనెన్స్‌లో పనిచేశాను. 1979లో మొదటి యూనిట్‌తో మొదలైన ఆ స్టేషన్‌కు ఇప్పుడు నార్ల తాతారావు గారి పేరు. అక్కడ టర్బైన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. అన్ని టన్నుల ఇనుము బేరింగుల్లో ఆనేది ఇనుము మీద కాదు, వెంట్రుకంత మందం కూడా ఉండని ఆయిల్ పొర మీద. షాఫ్టు చుట్టూ ఉండే సీళ్లలోంచి ఆవిరి జారి ఆయిల్‌లో నీరు చేరిందంటే మాకు నిద్ర ఉండేది కాదు. ఆ నీటిని విడదీయడానికి సెంట్రిఫ్యూజ్ మిషన్లు ఉండేవి. చేరిన కొత్తలో మా ఇంజనీరు ఒకాయన చెప్పిన మాట నాకు ఇప్పటికీ గుర్తే: "ఆయిల్‌ని మిషన్లో పోసే సరుకు అనుకోకు, మిషన్లో అదీ ఒక పార్టే అనుకో." పార్టు అరిగితే మారుస్తాం. మరి ఆయిల్ అరిగితే? పైన ఇంకాస్త పోసి ఊరుకుంటున్నాం. కారు స్టీరింగ్ దగ్గర మనందరం చేసే తప్పు ఇదే.

అసలు ఈ ఆయిల్ ఏం చేస్తుంది? పవర్ స్టీరింగ్ లేని పాత లారీలు నడిపినవాళ్ల భుజాలు చూస్తే తెలుస్తుంది. నిలబడి ఉన్న బండికి ముందు చక్రాలు తిప్పాలంటే వాళ్లు సీట్లోంచి సగం లేచి వేలాడేవారు. ఆ బరువును మన చేతుల బదులు ఆయిల్ మోస్తుంది. ఇంజిన్ బెల్టు ఒక చిన్న పంపును తిప్పుతుంది. ఆ పంపు ఆయిల్‌ను ఒత్తిడితో, చక్రాలను అటూ ఇటూ తిప్పే స్టీరింగ్ ర్యాక్‌లోకి నెడుతుంది. మీరు స్టీరింగ్ తిప్పగానే లోపల ఒక సన్నని కడ్డీ మెలిపడి, ఆ మెలికకు వాల్వు తెరుచుకుని, ఆయిల్ కుడికో ఎడమకో తోసుకుపోతుంది. మీరు దారి చూపిస్తారు, బలం ఆయిల్ పెడుతుంది. పని ముగించుకున్న ఆయిల్ రిటర్న్ పైపులోంచి డబ్బాకు తిరిగొస్తుంది.

ఆ బలం ఎంతో తెలుసా? కారు టైరులో గాలి 2 బార్లకు కాస్త పైన ఉంటుంది. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి పట్టుకుంటే ఈ పంపులో ఒత్తిడి 70, 80 బార్లు కూడా దాటుతుంది. అందుకే అలా చివరిదాకా తిప్పి పట్టుకుని నిలబడకూడదు. నాలుగైదు సెకన్లు చాలు. అంతకు మించితే ఆయిల్ కాగిపోతుంది, పంపు కేకపెడుతుంది.

అమెరికాలో పియర్స్ యారో కంపెనీ లారీల విభాగంలో పనిచేసిన ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు 1926లోనే ఈ పద్ధతిని కారులో పెట్టి నడిపి చూపించాడు. ఖర్చు ఎక్కువని కార్ల కంపెనీలు పక్కన పెట్టాయి. రెండో ప్రపంచ యుద్ధంలో బరువైన సైనిక వాహనాలకు అక్కరకొచ్చింది. మామూలు జనం కొనుక్కునే కారులోకి రావడానికి 1951 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడు క్రైస్లర్ తన ఇంపీరియల్ కారులో పెట్టింది.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. ఈ వ్యాసం చదివి వెంటనే బానెట్ లేపేముందు, మీ బండికి అసలు ఆయిల్ ఉందో లేదో చూసుకోండి. ఆల్టో, స్విఫ్ట్ లాంటి ఇప్పటి చిన్న కార్లలో స్టీరింగ్‌కు సాయం చేసేది కరెంటు మోటారు. సుజుకీ 1988లోనే జపాన్‌లో సెర్వో అనే చిన్న కారుకు దాన్ని పెట్టింది. అలాంటి బండికి డబ్బా ఉండదు, ఆయిల్ ఉండదు, మార్చే పనీ ఉండదు. క్వాలిస్, పాత ఇన్నోవా, సుమో, బొలెరో లాంటి బళ్లలో, లారీల్లో, బస్సుల్లో ఉండేది ఆయిల్ స్టీరింగ్. స్టీరింగ్ బరువుగా ఉందని అనిపిస్తే ముందు టైర్లలో గాలి చూడండి. ఒక్కోసారి సంగతి అక్కడే తేలిపోతుంది.

ఆయిల్ బాగుందో లేదో చూడడానికి మెకానిక్ అక్కర్లేదు. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేయండి. ఎర్రగా, తేటగా పాకితే బాగున్నట్టు. గోధుమరంగులోకి మారితే ముసలిదైనట్టు. నల్లగా ఉండి, మాడు వాసన కొట్టి, చుక్క మధ్యలో నలుసులు మిగిలితే లోపల రబ్బరు సీళ్లు, ఇనుము అరుగుతున్నట్టు. పాల రంగు అంటే నీళ్లు. నురగ ఉంటే గాలి. తిప్పినప్పుడు మూలుగుతుంటే ఆయిల్ తక్కువైనా కావచ్చు, గాలి చేరినా కావచ్చు. స్టార్టు చేయగానే కీచుమంటే చాలాసార్లు అది బెల్టు జారడమే. ఇంకో సంగతి: ఈ ఆయిల్ ఇంజిన్ ఆయిల్‌లా మండి తగ్గిపోయేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. పైపుల అతుకుల దగ్గర, పంపు కింద, ర్యాక్ చివర రబ్బరు తొడుగుల్లో తడి ఉందేమో వెతకండి. ఆ తొడుగు నొక్కినప్పుడు లోపల ఆయిల్ గలగలలాడితే ర్యాక్ సీలు పోయినట్టు. అది ఇంటి పని కాదు.

ఏ ఆయిల్ పోయాలి? బండితో ఇచ్చిన పుస్తకం చెప్పిందే పోయాలి. మా ఇన్నోవాకు డెక్స్‌రాన్ రకం ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్లలో వాడే ఎర్ర ఆయిలే. హోండావాళ్లు తమ సొంత ఆయిల్‌నే పోయమంటారు. కొన్ని జర్మనీ బళ్లకు ఆకుపచ్చ ఆయిల్. రంగు కలిసింది కదా అని ఒకటి బదులు మరొకటి పోయకండి. బ్రేక్ ఆయిల్‌ను మాత్రం పొరపాటున కూడా దీంట్లో పోయకూడదు. దాని జాతి వేరు, ఇక్కడి రబ్బరు సీళ్లు దానికి ఉబ్బిపోతాయి. అంతకంటే ప్రమాదం, ఈ ఆయిల్ ఒక్క చుక్క బ్రేక్ డబ్బాలో పడడం. అక్కడి సీళ్లు ఉబ్బితే బ్రేకులే పడవు. రెండు డబ్బాలూ బానెట్ కింద దగ్గర దగ్గరలోనే ఉంటాయి కాబట్టి మూత మీద రాసింది రెండుసార్లు చదివి తీయండి.

మర్నాడు పొద్దున్నే ఆటోనగర్ వెళ్లి కొత్త ఆయిల్ లీటరు డబ్బాలు రెండు తెచ్చాం. ఖరీదు ఓ నలుగురి హోటల్ భోజనానికి మించలేదు. మెడికల్ షాపులో పెద్ద సిరంజి, హార్డ్‌వేర్ షాపులో తాపీమేస్త్రులు లెవెల్ చూసే పారదర్శకం పైపు గజం ముక్క కొన్నాం. వంటింట్లోంచి గరాటు తేబోతే మా ఆవిడ అడ్డుపడింది. దాంతో గరాటు కూడా కొత్తదే కొన్నాను. మంచిదే అయింది. ఈ ఆయిల్‌లో ధూళి, నీటి చుక్క పడకూడదు.

ఇంట్లో చేసుకునే పద్ధతులు రెండు. మొదటిది తేలిక, దాన్ని నేను బియ్యం కడగడం అంటాను. ఆ పేరు మా ఆవిడ చలవే. సిరంజితో డబ్బాలో ఆయిల్ లాగి కొత్తది పోస్తుంటే వాకిట్లోంచి చూసి, "ఒక్కసారి మారిస్తే సరిపోతుందా? బియ్యం ఒక్క నీటితో కడిగి ఎసట్లో పోస్తామా?" అంది. తమాషాకు అన్నా లెక్క సరిగ్గా అదే.

సిరంజికి పైపు ముక్క తగిలించి డబ్బాలో ఆయిల్ మొత్తం లాగేయండి. కొత్తది గీత దాకా పోయండి. ఇంజిన్ స్టార్టు చేసి స్టీరింగ్ అటు చివరికీ ఇటు చివరికీ నాలుగైదుసార్లు మెల్లగా తిప్పండి. కొత్తదీ పాతదీ కలిసిపోతాయి. ఇంజిన్ ఆపి మళ్లీ లాగండి, మళ్లీ పోయండి. మొత్తం ఒక లీటరు ఆయిల్ ఉన్న బండిలో డబ్బాలో 300 మిల్లీలీటర్లు ఉందనుకుందాం. మొదటి కడుగుకు మారేది 30 శాతమే. రెండో కడుగుకు 51, మూడో కడుగుకు 66, నాలుగుకు 76, అయిదో కడుగుకు 83 శాతం కొత్తదవుతుంది. ప్రతి కడుగులోనూ పోయేది పాతది ఒక్కటే కాదు, కొత్తదీ కొంత పోతుంది. అందుకే నూటికి నూరు ఎప్పటికీ రాదు. అయినా రంగు మారి, నీళ్లేమీ చేరని బండికి అయిదు కడుగులు చాలు. ఒకేసారి చేయక్కర్లేదు. వారానికొకటి చేసినా సరే. జాకీ పెట్టే పని లేదు, పైపు విప్పే పని లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పేది ఇదే.

మా బండిలో నీళ్లున్నాయి కాబట్టి రెండో పద్ధతికి దిగాల్సి వచ్చింది. అది రిటర్న్ పైపు విప్పడం. దీనికి ఇద్దరు కావాలి, చదునైన గట్టి నేల కావాలి. హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో పెట్టి, వెనక చక్రాలకు దిమ్మెలు అడ్డం పెట్టాం. మా పక్క ఊరు కొండపల్లే కదా అని పొణికి కర్ర ముక్కలు పెట్టకండి. అది బొమ్మలు చెక్కే మెత్తటి కర్ర. తుమ్మ దిమ్మె పెట్టండి. జాకీతో ముందు చక్రాలు లేపి, బరువును స్టాండ్ల మీదకు దించాం. జాకీ ఒక్కదాన్ని నమ్మి బండి కింద తల పెట్టకూడదు. ఇంజిన్ చల్లగా ఉండాలి. లుంగీ, కండువా ఇంట్లో పెట్టి రండి. ఫ్యాన్‌కూ బెల్టుకూ కొంగు, కండువా అన్న తేడా తెలియదు.

డబ్బా కింద నుంచి రెండు పైపులు ఉంటాయి. లావుగా ఉండి పంపుకు వెళ్లేది ఒకటి, ర్యాక్ నుంచి తిరిగొచ్చే సన్నది ఇంకొకటి. ఆ సన్నదే రిటర్న్. పంపు నుంచి ర్యాక్‌కు వెళ్లే, ఇనుప అతుకులున్న ప్రెషర్ పైపు జోలికి పోకండి. ప్లయరుతో క్లిప్పు జరిపి రిటర్న్ పైపు ఊడదీశాం. డబ్బాకు ఆ పైపు తగిలే మొన తెరిచి ఉండకూడదు, అక్కడ రబ్బరు బిరడా పెట్టాం. ఊడదీసిన పైపుకు మన పారదర్శకం పైపు తగిలించి, రెండో కొస రెండు లీటర్ల ఖాళీ కూల్‌డ్రింకు సీసాలో పెట్టాం. డబ్బాలో కొత్త ఆయిల్ నింపాం.

ఇంజిన్ స్టార్టు చేయలేదు. తాళం తిప్పి స్టీరింగ్ లాకు మాత్రం తీశాం. మా బావమరిది సీట్లో కూర్చుని స్టీరింగ్ మెల్లగా ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పుతుంటే సీసాలోకి కాఫీ దిగడం మొదలైంది. నా పని డబ్బా ఖాళీ కాకుండా పోస్తూ ఉండడం. డబ్బా ఎండితే పంపులోకి గాలి పోతుంది. "ఆగు" అంటే ఆగాలి, "తిప్పు" అంటే తిప్పాలి. మధ్యలో అతనికి ఫోనొచ్చింది, తీయనివ్వలేదు. పైపులో మొదట కాఫీ, తర్వాత మబ్బు పట్టిన గులాబీ రంగు, ఆ తర్వాత ఎరుపు. తెచ్చిన రెండు లీటర్లలో దాదాపు లీటరున్నర అయ్యేసరికి తేటబడింది. పైపు మళ్లీ డబ్బాకు తగిలించి క్లిప్పు బిగించాం.

చాలామంది ఇక్కడే లేచి చేతులు కడుక్కుంటారు. గాలి తీయడం ఇంకా మిగిలే ఉంది. చక్రాలు లేచి ఉండగానే, ఇంజిన్ స్టార్టు చేయకుండానే, స్టీరింగ్‌ను ఓ ఇరవైసార్లు చివర నుంచి చివరకు తిప్పండి. డబ్బాలో బుడగలు లేస్తాయి, మట్టం తగ్గుతుంది. మళ్లీ పోయండి. బుడగలు ఆగాక బండి కిందికి దించి స్టార్టు చేసి, మెల్లగా తిప్పండి. చివర్లో రెండు మూడు సెకన్లకు మించి పట్టుకోకండి. ఇంజిన్ నడుస్తుండగా మట్టం చూసుకుని, ఆపాక కొన్ని నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. టయోటావాళ్ల లెక్క ప్రకారం అది 5 మిల్లీమీటర్లకు మించి పైకి లేవకూడదు. లేచిందంటే లోపల గాలి ఇంకా చిక్కుకుని ఉన్నట్టు. మూత మీదో పుల్ల మీదో చల్లటి గీత, వేడి గీత వేరువేరుగా ఉంటాయి. ఇంజిన్ చల్లగా ఉండగా వేడి గీత దాకా పోస్తే, కాగాక అది పొంగి బయటికొస్తుంది. వేడి సైలెన్సరు పైపు మీద పడితే మంట కూడా పుడుతుంది. ఒలికిన ఆయిల్‌ను గుడ్డతో తుడిచాకే బానెట్ దించండి.

మూలుగు ఆ పూటే పోయింది. కానీ నీటి తడి అంత తేలిగ్గా పోదు, ర్యాక్ మూలల్లో నక్కి ఉంటుంది. రెండు వారాలు నడిపి రమ్మన్నాను. వస్తే రంగులో మళ్లీ సన్నటి మబ్బు. ఈసారి సిరంజితో బియ్యం కడుగు మూడుసార్లు వేశాం. తర్వాత తేటగానే నిలబడింది. పంపు అప్పటికే కొంత అరిగి ఉంటే ఎంత కడిగినా మూలుగు పోదు, ఆ పంపు మార్చుకోవాల్సిందే. మాకు అదృష్టం కలిసొచ్చింది. కొన్ని బళ్లలో డబ్బా లోపల సన్నటి జల్లెడ ఉంటుంది. నల్లటి ఆయిల్ వచ్చిన బండిలో అదీ మూసుకుపోయి ఉంటుంది, చూసుకోండి.

ఇక సీసాలో మిగిలిన ఆ పాత కాఫీ సంగతి. మా ఊళ్లో కాలువలన్నీ చేరేది కృష్ణలోకే. బుడమేరు డైవర్షన్ కాలువ కలిసే చోటు, పట్టిసీమ నుంచి వచ్చే గోదావరి నీళ్లు కృష్ణను కలిసే పవిత్ర సంగమం, రెండూ మా ఇబ్రహీంపట్నంలోనే. అక్కడి నుంచి కిందికి వెళితే ప్రకాశం బ్యారేజీ, విజయవాడ తాగే నీళ్లు. ఒక్క కారు నుంచి ఒకసారి తీసిన పాత ఇంజిన్ ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ చెబుతుంది. మన దేశంలోనూ 2016 నిబంధనల ప్రకారం వాడేసిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థమే. స్టీరింగ్ ఆయిల్ ఒక లీటరే కదా అని మురుగు కాలువలో ఒంపకండి, పెరట్లో చెట్టు మొదట్లో పోయకండి. బిరడా బిగించి, పాత ఆయిల్ కొనే గ్యారేజీకి ఇచ్చి రండి. వాళ్లు డ్రమ్ముల్లో పట్టి శుద్ధి చేసేవాళ్లకు అమ్ముకుంటారు.

అన్ని బళ్లకూ ఈ పని ఇంట్లోనే చేయమని నేను అనను. ఆయిల్ కారుతున్నా, స్టీరింగ్ ఒక పక్కకు లాగుతున్నా, ర్యాక్ దగ్గర టకటక వినిపిస్తున్నా మంచి మెకానిక్ దగ్గరికి వెళ్లండి. స్టీరింగ్ ఆడుకునే వస్తువు కాదు. కానీ చూడడం మాత్రం అందరి పనీ. చాలా బళ్ల పుస్తకాల్లో ఈ ఆయిల్ ఇన్ని కిలోమీటర్లకు మార్చాలన్న గడువే రాసి ఉండదు. అందుకే ఎవరూ దాని మొహం చూడరు. రేపు పొద్దున బండి తీసేముందు మూత తీసి, ఒక్క చుక్క తెల్ల కాగితం మీద వేసి చూడండి. వరదలో మునిగి లేచిన బండైతే రేపటిదాకా కూడా ఆగకండి.